రోజుకు రెండుసార్లు పద్దెనిమిది నిమిషాలు

మా వీధిలో నేను చేసే ఉద్యోగం ఏమిటో తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. పొద్దున తొమ్మిదింటికి ముందుగదిలో బల్ల ముందు కూర్చుంటాను, సాయంత్రం ఆరింటికి లేస్తాను. మధ్యలో మెదక్ చర్చి చూడటానికి వచ్చే బస్సుల హారన్లు, కూరగాయల బండి మైకు, మా అత్తగారి టీవీ. వీటన్నిటి నడుమ నేను తెర మీద గీతలు చూస్తూ ఉంటాను. పక్కింటావిడ ఒకరోజు చక్కెర కోసం వచ్చి నా వెనక చాలాసేపు నిలబడింది.

"పొద్దందాక గీతలు సూసుడేనా? గిదానికి జీతమిస్తున్నరా?" అంది.

"ఇస్తున్నరక్కా. జర మీరు గూడ కూసోని సూడుండ్రి, సగం మీకిప్పిస్త," అన్నాను.

ఆవిడ మూతి తిప్పుకుని చక్కెర పట్టుకెళ్లింది. నా నోటి సంగతి వీధికంతా తెలుసు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ఆ గీతలు మనుషులవి. మా కంపెనీ హైదరాబాద్‌లో ఉంది, పని చేసేవాళ్లు మాత్రం జిల్లాల్లో, ఊళ్లలో, ఎవరింట్లో వాళ్లున్నారు. ఆసుపత్రుల బిల్లులు బీమా వాళ్లకు పంపే పని. ఆ బిల్లులు నింపే సాఫ్ట్‌వేర్ ఎవరి లాప్‌టాప్‌లోనూ ఉండదు, క్లౌడ్‌లో ఉంటుంది. అంటే ఎక్కడో దూరాన పెద్ద పెద్ద గదుల్లో పెట్టిన కంప్యూటర్లలో. ఇంటర్నెట్ తెగిందా, సగం నింపిన బిల్లు పోతుంది, మళ్లీ మొదటికి రావాలి. అందుకని ప్రతి లాప్‌టాప్‌లో మేము ఒక చిన్న ప్రోగ్రాం పెట్టాం. నిమిషానికోసారి అది వెళ్లి క్లౌడ్ తలుపు తట్టి, ఎంతసేపటికి పలికారో నాకు చెబుతుంది. వెంటనే పలికితే ఆ మనిషి గీత ఆకుపచ్చ, ఆలస్యమైతే పసుపు, పలక్కపోతే ఎరుపు. ఎర్రబడినప్పుడు తెగింది ఎక్కడో చెప్పడం నా పని. లాప్‌టాప్‌లోనా, ఇంట్లో వైఫై పెట్టెలోనా, కేబుల్ ఆయన తీగలోనా, ఏకంగా క్లౌడ్‌లోనేనా.

ఈ పనిలో నేను గట్టిదాన్ని. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. నిజాంపేట వైపు ముగ్గురి గీతలు ఒకేసారి ఎర్రబడ్డ రోజు, అక్కడి కేబుల్ ఆయన "మా లైన్ మస్తుగున్నదమ్మా, మీ కంప్యూటర్లే ఖరాబ్" అన్నాడు. "రోడ్డు పని ఏడ నడుస్తుందో ఆడికి పోయి సూడుండ్రి, నేను ఫోన్ పెట్టెయ్య" అన్నాను. గొణుక్కుంటూ వెళ్లాడు. జేసీబీ తవ్విన చోట తీగ రెండు ముక్కలై ఉంది. ఇంకొకడు ఇంట్లో వైఫై తీసేసి, నెట్ లేదని చెప్పి, బంధువుల పెళ్లికి పోయాడు. మధ్యాహ్నం భయమేసి, ఫోన్ నెట్‌తో వెంట తెచ్చుకున్న లాప్‌టాప్ తెరిచేసరికి, చుట్టూ దొరికే వైఫై పేర్లను బట్టి వాడున్నది ఫంక్షన్ హాల్లో అని నా తెర చెప్పేసింది. "పప్పు మంచిగుందా?" అని ఒక్క మెసేజ్ పెట్టాను. ఇలాంటివి నాలుగు పట్టుకున్నాక ఎవరికైనా కళ్లు నెత్తికెక్కుతాయి. నాకూ ఎక్కాయి.

అప్పుడే కుల్చారం అమ్మాయి గీత ఎర్రబడటం మొదలైంది.

చేరి మూడు నెలలు కావస్తోంది. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తారు. డిగ్రీ చదివి నాలుగేళ్లు ఖాళీగా ఉన్నాక దొరికిన మొదటి ఉద్యోగం అది. ఇంట్లో ఏడాదిన్నర పాప, భర్త లారీ మీద వారాల తరబడి ఊరవతల. మెదక్ వచ్చి చేసే పని దొరికినా చేయడం కుదరదు. ఇంట్లోంచి చేసే పని ఆమెకు ఇదొక్కటే. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి నాకు ఆమె ఒక గీత, ఫోన్లో ఒక గొంతు, అంతే.

రోజూ పదీ నలభై ప్రాంతంలో ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి గీత ఎర్రబడేది. ప్రతిసారీ పద్దెనిమిది నిమిషాలు, ఒక నిమిషం అటూ ఇటూ. బయటి తీగ బాగుంది. అదే తీగ మీదున్న ఇంకో ఇద్దరి గీతలు పచ్చగా ఉన్నాయి. ఆమె లాప్‌టాప్‌కు అందనిది ఆమె ఇంటి వైఫైయే. ఫోన్ చేశాను.

"కరెంటున్నదా?"

"ఉన్నదక్కా. ఫ్యాన్ తిరుగుతున్నది. వైఫై ఒక్కటే వోతున్నది."

"పెట్టె జూసినవా?"

"పెట్టె దొడ్డిదిక్కు మోటరు అర్రల ఉన్నదక్కా. స్తంభం నుంచి తీగ ఆడిదాకనే అందుతదన్నరు. తాళం మా మామ దగ్గరుంటది. మా మామ జూసిండు, లైట్లన్ని మంచిగనే వెలుగుతున్నయంట."

"నువ్వు పోయి సూడలేదా?"

"నెట్ వోంగనే నేను లాప్‌టాప్ పట్టుకోని మిద్దెక్కుతున్న అక్కా. మీదికి పోతే ఫోన్ సిగ్నల్ జర దొరుకుతదని."

మిద్దె ఎక్కడమట! నాకు సాకులా వినిపించింది. కరెంటు లోపమైతే ఇంత పద్ధతిగా ఉండదు, మనిషి చెయ్యి పడితేనే ఇలా గడియారం ప్రకారం ఉంటుంది అనుకున్నాను. పొద్దున ఒక కునుకు, సాయంత్రం చాయ్ అనుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. రిపోర్టు రాశాను. "లోపం ఇంట్లోనే. కరెంటు ఉండగా వైఫై ఆపేస్తున్నారు." వారం గడిచాక ఇంకొకటి, మరో వారానికి మూడోది. మూడింటిలోనూ అదే మాట. మూడోది రాయడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం మేనేజర్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. మేనేజర్ హైదరాబాద్‌లో ఉంటాడు, మాటలు తక్కువ. "మీ మూడు రిపోర్టులు చూశాను. కావాలనే ఆపుతున్నట్టు స్పష్టంగా ఉంది. ఆమెకు నోటీసు పంపాం, శుక్రవారం కాల్ పెట్టి తీసేస్తున్నాం. థాంక్స్."

ఆ థాంక్స్ దగ్గర ఆగి మెసేజ్ మళ్లీ మొదటినుంచి చదివాను. కావాలని అనే మాట నేను రాయలేదే అనుకున్నాను. రాయలేదు నిజమే, కానీ అలా చదువుకునేటట్టే రాశాను. మనసులో ఉన్నది అదే కాబట్టి కలం అటే పోయింది.

ఊరుకోలేక ఆమె లాప్‌టాప్ రికార్డు మళ్లీ తెరిచాను. మా రికార్డుకు రెండో పేజీ ఉంటుంది. లాప్‌టాప్ ముందున్న మనిషి ఆ సమయంలో ఏం చేసిందో అందులో పడుతుంది. గీతలో సంగతి తేలిపోతే రెండో పేజీ ఎవరూ తెరవరు. నేనూ తెరవలేదు. ఆ రోజు తెరిస్తే, ఎర్రబడిన ప్రతి పద్దెనిమిది నిమిషాల్లోనూ ఆమె లోపలికి రావడానికి ప్రయత్నించినట్టుంది. అరనిమిషానికోసారి. సిగ్నల్ చాలక ప్రతిసారీ క్లౌడ్ ఆమెను బయటికే తోసేసింది. మళ్లీ కొట్టింది. ఒక్కరోజు కూడా ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్న ఆనవాలు లేదు. పని ఎగ్గొట్టేదైతే తలుపు ఇన్నిసార్లు ఎందుకు కొడుతుంది? నిజంగానే మిద్దె ఎక్కుతోంది ఈ పిల్ల, ఆ ఎండలో.

నా మీద నాకు చచ్చేంత కోపం వచ్చింది. మేనేజర్‌కు వెంటనే రాస్తే "మరి ఆపేదెవరు?" అని అడుగుతాడు, అది ముందు నేను కనుక్కోవాలి. గురువారం సెలవు పెట్టాను. మా ఇంటి వైఫై పెట్టెకు కరెంటు పోయినప్పుడు పనికొస్తుందని పెట్టుకున్న చిన్న బ్యాటరీ ఉంది, ఆమె పెట్టెలోనే లోపముంటే పరీక్షించవచ్చని దాన్ని ఊడబీకి సంచిలో వేసుకున్నాను. "మరి నా ఫోన్ల సీరియల్?" అంది మా అత్తగారు. "కరెంటు పోతే ఒక్కపూట మీరు నన్ను తిట్టుకుంట కూసోండ్రి" అని చెప్పి కుల్చారం బస్సెక్కాను.

ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది, పాపను చంకనేసుకుని. సన్నటి మనిషి, కళ్ల కింద నలుపు. పేరు చెప్పాను, హైదరాబాద్ కంపెనీ నుంచి నెట్ చూడటానికి వచ్చానన్నాను. రిపోర్టులు రాసింది నేనేనని చెప్పాలనే బస్సులో అనుకుంటూ వచ్చాను. ఆమె నా ముఖంకేసి కొంచెంసేపు చూసి, "లోపటికి రాండ్రి అక్కా, ఎండల వడొచ్చిండ్రు" అంది. నాకు నోరు రాలేదు. నాకు, నోరు రాకపోవడం!

పదీ ముప్పైకల్లా ఆమె పక్కన పీట మీద కూర్చున్నాను. వెనక గది, తలుపు మూసి ఉంది, చెవులకు హెడ్‌ఫోన్స్. వేళ్లు చకచకా కదులుతున్నాయి, మంచి పనిమంతురాలు. పదీ నలభై రెండుకు వైఫై పోయింది. ఆమె లేచి లాప్‌టాప్ ఎత్తేసింది, మిద్దె మెట్లవైపు కదిలింది కూడా. చెయ్యి పట్టుకుని ఆపాను.

"మీదికొద్దు. నాతోని దొడ్డికి రా."

"టైం వోతదక్కా."

"పోనీ. రా."

మోటరు గది ముందు గడప మీద ఆమె మామ కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, తల మీద తువ్వాలు. లోపల బోరు మోటరు హోరుమంటోంది, బర్రెల తొట్టిలోకి నీళ్లు పడుతున్నాయి. ఆయన వెనక గోడ మీద వైఫై పెట్టె ఉంది. ఒక్క లైటు వెలగడం లేదు. దాని స్విచ్ ఆపేసి ఉంది.

"కాకా, పెట్టె ఎవరు బంద్ జేసిండ్రు?" అన్నాను.

"నేనే బిడ్డా," అన్నాడాయన, సంతోషంగా. "గా పాత పెట్టె గిట్లనే కాలింది. మోటరు బటన్ వొత్తంగనే లైట్ గుడ్డిగైంది, పెట్టెలకెల్లి పొగొచ్చింది. నాలుగు రోజులు కొత్త పెట్టె రాలే. నౌకరి వోతదని కోడలు నాలుగు రోజులు మంచిగ అన్నం తినలే. గప్పటి సంది ముందుగాల పెట్టె బంద్ జేస్త, గప్పుడు మోటరేస్త. మోటరు బంద్ జేసినంక మల్ల పెట్టె ఏస్త. గీడనే కూసుంట, ఎవ్వల్ని ముట్టనియ్య. ఒక్క దినం మర్వలే."

నా వెనక ఆ అమ్మాయి లాప్‌టాప్ గుండెలకు అదుముకుని నిలబడిపోయింది.

"నెట్ వోతున్నదని ఈమె చెప్పలేదా కాకా?"

"చెప్పింది. మోటరు బంద్ జేసినంక జూస్తే పెట్టె లైట్లన్ని మంచిగనే వెలుగుతుండె. కేబులాయన మీదికి రెండుసార్లు పోయి లొల్లి జేసొచ్చిన."

"నెట్టు ఈ పెట్టెలకెల్లే గదా వచ్చేది."

ఆయన తొట్టి వైపు చెయ్యి చూపించాడు. "పొద్దుగాల గీ పెట్టెలకెల్లి కంప్యూటర్ల నిండుతదనుకున్న. ట్యాంకు నిండినట్టు. మోటరు బంద్ జేసినా నల్లాల నీళ్లు రావా?"

నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు. ఆ మాట అంటూ అంటూనే ఆయనకు అర్థమైపోయింది, ఆయన ముఖంలో కనిపించింది. లేచి నిలబడి తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అంటే గీ నౌకరి నేనే తీస్తున్ననా బిడ్డా?"

బస్సులో వచ్చేటప్పుడు ఎవరో ఒకరిని కడిగేయాలనే వచ్చాను. నాకది అలవాటు. ఆయనను ఒక్క మాట అనలేకపోయాను. నెలరోజులుగా ఆ మనిషి కోడలి ఉద్యోగానికి కాపలా కాస్తున్నాననుకుని రోజుకు రెండుసార్లు ఆ గడప మీద కూర్చున్నాడు. నా కళ్లల్లో నీళ్లొచ్చాయి, తుడుచుకున్నాను.

"మీరు తీయలే కాకా. మీకు ఎవ్వరు చెప్పలే, మిమ్మల్ని ఎవ్వరు అడగలే," అన్నాను. అడగాల్సింది ఎవరో మాత్రం అనలేదు.

ఆ అమ్మాయి అప్పటికి మాట్లాడింది. "నాకన్న చెప్పద్దా మామా," అంది మెల్లగా. అంతే. మళ్లీ వెంటనే "కూసోండ్రి, గట్ల నిలవడకుండ్రి" అంది.

ఇక నా పని. ఏడుపులు తర్వాత, పని నాకు చేతనవును. తొట్టి నిండి, ఆయన మోటరు ఆపి పెట్టె స్విచ్ వేశాక, సంచిలోంచి బ్యాటరీ తీసి గోడకూ పెట్టెకూ మధ్య తగిలించాను. ఆయనను పిలిచి పక్కన నిలబెట్టుకున్నాను.

"ఇప్పుడు గోడ స్విచ్ బంద్ జేయుండ్రి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మల్ల వోతది."

"పోదు. జేయుండ్రి."

స్విచ్ తీశాడు. పెట్టె లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. మళ్లీ వేశాడు, మళ్లీ తీశాడు.

"బంద్ జేసినా నడుస్తది?"

"రెండు గంటలు నడుస్తది. మీరు ఎప్పటిలెక్కనే ముందు ఇది బంద్ జేయుండ్రి, తర్వాత మోటరేయుండ్రి. గోడతోని పొత్తే లేకుంటే పెట్టె ఎట్ల కాలుతది? మీరు జేసింది తప్పు పద్ధతి గాదు కాకా, బ్యాటరీ ఒక్కటే తక్కువైంది."

ఆ మాటకు ఆయన తువ్వాలు మళ్లీ తలకు చుట్టుకున్నాడు.

నాలుగింటి దాకా చూడందే కదిలేది లేదన్నాను. మధ్యాహ్నం ఆమె అన్నం పెట్టింది, చింతచిగురు పప్పు, ఎండుమిరపకాయలు. వద్దన్నా వినకుండా మారు వడ్డించింది. తింటూ చెప్పాలనుకున్నాను. ఆమె కంచం పక్కన కూర్చుని, "రేపు కాల్ ఉన్నదక్కా, ఏమంటరో" అంది. పాప నా సంచి బెల్టు నములుతోంది. "నేను గూడ కాల్‌ల ఉంట, పరేషాన్ గాకు" అని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాలుగింటికి ఆయన స్విచ్ తీసి మోటరు వేశాడు. నేను ఫోన్‌లో ఆమె గీత చూస్తూ నిలబడ్డాను. పద్దెనిమిది నిమిషాలూ ఆకుపచ్చే. ఆరు గంటల బస్సులో కూర్చున్నాక ఒళ్లంతా తేలికైంది. ఒక్క రోజులో తేల్చేశాను, ఇంకెవరైనా అయితే తేల్చేవారా అని కూడా అనుకున్నాను. నా బుద్ధి అంత తొందరగా మారేది కాదు.

శుక్రవారం పదకొండింటికి కాల్. తెర మీద ముగ్గురం. మేనేజర్ సూటిగా మొదలుపెట్టాడు. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను మధ్యలో అడ్డుపడ్డాను. జరిగింది మొత్తం చెప్పాను, మోటరు, పెట్టె, మామ, బ్యాటరీ. రెండో పేజీ తెర మీద పెట్టాను.

ఆయన చదివాడు. "అంటే ఇంట్లోవాళ్లే ఆపారు. మీ రిపోర్టు కరెక్టే కదా?"

అక్కడ ఊరుకుంటే నా రిపోర్టు నిలిచేది. నాలుగేళ్లలో నా రిపోర్టు తప్పని తేలింది ఒక్కటీ లేదు, ఆ సంగతి నేను సందు దొరికినప్పుడల్లా చెప్పుకుంటాను కూడా.

"కాదు సర్," అన్నాను. "ఆపుతున్నది ఈమేనని అనుకుని రాశాను. ఈ పేజీ తెరవకుండా రాశాను. తెరిచి ఉంటే మొదటి రోజే తెలిసేది. మూడూ తప్పే. మూడూ నేనే రాశాను."

"మూడూ మీ పేరు మీద తప్పులుగా పడతాయి, తెలుసు కదా."

"పడనివ్వండి."

ఆయన కొంచెంసేపు ఏదో టైప్ చేశాడు. "సరే. ఆమె కంటిన్యూ అవుతుంది. ఆ మూడు రిపోర్టులు వెనక్కి తీసుకోండి," అని కాల్ లోంచి వెళ్లిపోయాడు.

తెర మీద మేమిద్దరం మిగిలాం. ఆమె ముఖం వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. బల్ల వైపు చూస్తూ అన్నాను, "నీ ఇంట్ల కూసోని తిన్న. గప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయిన. గవి రాసింది నేనేనని నీకు తెల్వదు గదా."

"తెల్సక్కా," అంది.

తలెత్తాను.

"నోటీసుకు మూడు రిపోర్టులు జతజేసి పంపిండ్రు. కింద మీ పేరున్నది. మీరు గుమ్మంల పేరు చెప్పినప్పుడే తెల్సింది."

"మరి ఒక్క మాటన్న అనలేదేంది? నేనైతే గడప తొక్కనియ్యకపోతుంటి."

ఆమె పాపను ఒళ్లోకి సర్దుకుంది. గొంతులో కోపం లేదు.

"ఒక్క మాటంటే మీరు అటునుంచి అటే బస్సెక్కి పోతురు," అంది. "తిట్టనీకి నాక్కూడ మస్తు మాటలొస్తయక్కా. నాకు నౌకరి గావాలె."